బేరార్ యువరాణి: వారసత్వం ఎవరిది?

ఈసారి గోడపత్రికకు మా సెకండియర్‌కు వచ్చిన అంశం "రాజవంశంలోకి వెళ్ళిన వారసురాలు". అంశం బోర్డు మీద రాయగానే క్లాసులో అందరికీ సినిమా కథే గుర్తొచ్చింది. డబ్బున్న ఇంటి పిల్ల, దూరదేశపు యువరాజు, ఓడలో ప్రయాణం, ఊరంతా చెప్పుకునే పెళ్ళి. చరిత్రలో ఇలాంటి పెళ్ళిళ్ళు నిజంగానే జరిగాయి. చదువుతూ పోతే ప్రతి పెళ్ళి వెనకా ఒక లెక్క కనిపించింది. ఆ లెక్క ఏంటో, అందులో అమ్మాయి ఎక్కడ ఉందో చూద్దామనే ఈ వ్యాసం.

ఒక చేతి నుంచి డబ్బు, ఒక చేతి నుంచి పేరు

19వ శతాబ్దం చివరికి అమెరికాలో రైళ్ళు, గనులు, బ్యాంకులు కొన్ని కుటుంబాలకు అంతులేని డబ్బు తెచ్చిపెట్టాయి. అదే కాలానికి యూరప్‌లో చాలా రాజకుటుంబాలకు బిరుదులున్నాయి, కోటలున్నాయి, వాటిని నిలబెట్టుకునే రాబడి మాత్రం తగ్గిపోతోంది. ఒకరికి కావాల్సింది ఇంకొకరి దగ్గర ఉంది. మధ్యలో పెళ్ళి.

ఆలిస్ హైనె 1858లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో బ్యాంకర్ల ఇంట్లో పుట్టింది. మొదటి భర్త ఒక ఫ్రెంచి డ్యూక్. ఆయన చనిపోయాక 1889లో మొనాకో పాలకుడు మొదటి ఆల్బర్ట్‌ను పెళ్ళి చేసుకుని ఆ చిన్న దేశానికి రాణి అయింది. 1902లో ఇద్దరూ విడిపోయారు. ఇంకొకామె నానీ మే స్టీవర్ట్. తగరపు పూత రేకుల వ్యాపారంలో గడించిన విలియం లీడ్స్ అనే అమెరికన్ ఆమె భర్త. 1908లో ఆయన పోయాక ఆ ఆస్తి ఆమెకు వచ్చింది. 1920లో గ్రీసు యువరాజు క్రిస్టఫర్‌ను పెళ్ళాడింది. అప్పటికి గ్రీసు రాజకుటుంబం దేశం విడిచి స్విట్జర్లాండ్‌లో ఉంది. పెళ్ళీ అక్కడే అయింది, ఆమె డబ్బే ఆ కుటుంబానికి ఆసరా అయింది. మూడేళ్ళకే, 1923లో ఆమె చనిపోయింది.

తెలుగువాళ్ళలో ఎవరైనా ఉన్నారా అంటే పిఠాపురం సీతాదేవి పేరు చెప్పాలి. మన డిపార్ట్‌మెంట్‌లో అందరం పేరు విన్న శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు ఎవరి పేరు మీద ఉందో ఆ పిఠాపురం మహారాజు కూతురే ఆమె. 1943లో బరోడా మహారాజు ప్రతాప్‌సింగ్ గైక్వాడ్‌ను రెండో పెళ్ళి చేసుకుంది, తర్వాత మొనాకోలో ఇల్లు పెట్టుకుని యూరప్‌లోనే బతికింది. అయితే ఆమె వెళ్ళింది మన దేశపు రాజవంశంలోకే.

మన నేలకు యూరప్‌తో నిజంగా ముడిపడిన పెళ్ళి హైదరాబాద్‌ది. అది కూడా ఎదురు దిశలో జరిగింది. అక్కడ డబ్బు మగపెళ్ళివారిది. పేరు ఆడపిల్లది. ఆ అమ్మాయి దుర్రు షెహ్వార్. మామగారు ప్రపంచంలోకెల్లా ధనవంతుడు. ఆమె వెంట తెచ్చింది ఒక వంశం పేరు, అప్పటికే కూలిపోయిన సామ్రాజ్యం పేరు.

ముందుగా ఒక మాట. ఈ వ్యాసంలో నిజాంకు "చేశాడు" అనీ ఆమెకు "చేసింది" అనీ రాస్తున్నాను. మన పుస్తకాల్లో రాజుగారికి "చేశారు", రాణికి "చేసింది" అని ఉండటం చూశాను. ఇక్కడ ఇద్దరికీ ఒకే కొలత.

వర్హాడ్ అనే మాట

ఆమె బిరుదు "ప్రిన్సెస్ ఆఫ్ బేరార్", అంటే బేరార్ యువరాణి. బేరార్ ఎక్కడుందో మన క్లాసులో చాలామందికి తెలీదు. నాకు తెలియడానికి కారణం మా ఇల్లు.

మాది లక్కడ్‌కోట్. ఆసిఫాబాద్ నుంచి రాజురా వెళ్ళే రోడ్డు మీద, రాష్ట్రం సరిహద్దు దాటగానే ఉంటుంది. ఇప్పుడు మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా. కానీ మా రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో కిన్వట్‌తో పాటు బొంబాయి రాష్ట్రానికి వెళ్ళింది. మా నాయిన వైపు తెలుగు. మా అమ్మ పుట్టిల్లు వణి, యవత్మాళ్ జిల్లా, అక్కడ మరాఠీ. పెన్‌గంగ దాటితే వణి. నదికి ఇవతల నిజాం రాజ్యం, అవతల బేరార్. మా ఇంట్లో రెండు భాషలు ఎందుకున్నాయంటే ఆ పాత సరిహద్దు మా వంటింట్లోంచి పోతుందన్నమాట.

అమరావతి, అకోలా, బుల్‌ఢాణా, యవత్మాళ్ ప్రాంతాన్ని ఇంగ్లిష్ వాళ్ళు బేరార్ అన్నారు. మరాఠీలో దాని పేరు "వర్హాడ్". మరాఠీలో వర్హాడ్ అంటే ఇంకో అర్థం కూడా ఉంది: పెళ్ళికి తరలి వెళ్ళే బృందం. "వర్హాడ్ వచ్చింది" అంటే పెళ్ళివారు వచ్చారని. లక్ష్మణ్ దేశ్‌పాండే ఒక్కరే అన్ని పాత్రలూ వేసి ఆడిన "వర్హాడ్ నిఘాలయ్ లండన్‌లా" అనే నాటకం మహారాష్ట్రలో తెలియనివారుండరు. పల్లెటూరి పెళ్ళివారు లండన్‌కు బయల్దేరడం అందులో కథ, నవ్వలేక చస్తాం. 1931లో హైదరాబాద్ నుంచి అలాంటి పెళ్ళి ప్రయాణమే ఒకటి ఫ్రాన్స్‌కు బయల్దేరింది. అది నవ్వులాట కాదు, రాజకీయం.

పదేళ్ళ పిల్ల, అర్ధరాత్రి ప్రయాణం

దుర్రు షెహ్వార్ 1914 జనవరి 26న ఇస్తాంబుల్‌లో పుట్టింది. పేరుకు అర్థం రాజులకు తగిన ముత్యం అని. తండ్రి అబ్దుల్ మెజీద్ ఒట్టోమాన్ వంశస్థుడు. ఆ వంశాన్ని తుర్కీలో ఉస్మాన్లీ అంటారు. మన ఉస్మానియా యూనివర్సిటీకి దాంతో సంబంధం లేదు, అది నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద 1918లో వచ్చింది. రెండింటిలోనూ ఉన్నది ఉస్మాన్ అనే ఒకే పేరు, అంతే. ఒట్టోమాన్లు ఆసియా రాజులా, యూరప్ రాజులా అని అడిగితే రెండూ అనాలి. ఇస్తాంబుల్ నగరం రెండు ఖండాల మీదా ఉంది. వాళ్ళు బాల్కన్ దేశాలను కొన్ని వందల ఏళ్ళు ఏలారు. అబ్దుల్ మెజీద్ నూనెరంగులతో చిత్రాలు వేసేవాడు, పాశ్చాత్య సంగీతం నేర్చాడు. అంతఃపురంలో స్త్రీలు బీతోవెన్ సంగీతం వాయిస్తున్నట్టు ఆయన వేసిన చిత్రం ప్రసిద్ధి. అలాంటి ఇంట్లో ఆమె పెరిగింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఒట్టోమాన్లు ఓడిపోయారు. 1922 నవంబర్‌లో తుర్కీ కొత్త ప్రభుత్వం సుల్తాన్ పదవిని రద్దు చేసింది. ఖలీఫా పదవిని, అంటే ముస్లింలకు మతపరంగా పెద్ద అనే హోదాను మాత్రం ఉంచి అబ్దుల్ మెజీద్‌ను అందులో కూర్చోబెట్టింది. అధికారం లేని గౌరవం. 1924 మార్చి 3న అదీ రద్దయింది. రాజవంశం వాళ్ళంతా దేశం విడిచి పోవాలని చట్టం చేశారు. బోస్ఫరస్ ఒడ్డున, యూరప్ వైపు ఉన్న డోల్మాబాచే రాజభవనం నుంచి ఖలీఫా కుటుంబాన్ని ఆ రాత్రికి రాత్రే బయల్దేరదీసి రైలెక్కించారు. ముందు స్విట్జర్లాండ్, తర్వాత ఫ్రాన్స్ దక్షిణ తీరంలో నీస్ పట్టణం. అప్పటికి దుర్రు షెహ్వార్‌కు పదేళ్ళు.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది. 1919 తర్వాత ఇక్కడ ఖిలాఫత్ ఉద్యమం జరిగింది. దాన్ని నడిపిన అలీ సోదరుల్లో షౌకత్ అలీ ఒకడు. ఖలీఫా పరాయి దేశంలో ఇబ్బంది పడుతుంటే హైదరాబాద్ నిజాం ఆయనకు నెలకు 300 పౌండ్లు పంపే ఏర్పాటు చేశాడు. తర్వాత పెళ్ళి మాటలు నడిపినవాళ్ళలోనూ షౌకత్ అలీ ఉన్నాడు. పింఛను ముందు వచ్చింది, సంబంధం తర్వాత వచ్చింది. ఈ వరస గుర్తుపెట్టుకోవాలి. మన ఊళ్ళలో కూడా అప్పు ఇచ్చిన ఇంటి నుంచి సంబంధం వస్తే కాదనడం ఎంత కష్టమో మనకు తెలుసు.

1931: నీస్‌లో పెళ్ళి, పిల్స్‌నా ఓడ

1931 నవంబర్ 12న నీస్‌లో ఒకేరోజు రెండు పెళ్ళిళ్ళు జరిగాయి. నిజాం పెద్దకొడుకు ఆజం జాతో దుర్రు షెహ్వార్, చిన్నకొడుకు మొఅజ్జం జాతో ఆమెకు బంధువైన నిలోఫర్. దుర్రు షెహ్వార్‌కు 17 ఏళ్ళు. నిలోఫర్‌కు 15. నాకిప్పుడు 19. మనం ఇంటర్ పరీక్షలు రాసిన వయసులో వాళ్ళు ఒక ఖండం వదిలి ఇంకో ఖండానికి కాపురానికి వచ్చారు. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం ఉంది, 1930 నుంచి అమలు. దాని ప్రకారం ఆడపిల్ల పెళ్ళి వయసు 14. ఆ కాలం లెక్కలో వీళ్ళది పెద్ద వయసే.

నిజాం పెళ్ళికి వెళ్ళలేదు. కొడుకులు వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చారు. డిసెంబర్‌లో ఇటలీ నుంచి పిల్స్‌నా అనే ఓడలో బయల్దేరారు. రెండో రౌండ్ టేబుల్ సమావేశం నుంచి ఉత్తచేతులతో తిరిగొస్తున్న గాంధీజీ కూడా ఆ ఓడలోనే ఉన్నాడు. డిసెంబర్ 28న ఓడ బొంబాయి చేరింది. వారం తిరగకుండానే ఆయన్ను జైల్లో పెట్టారు. అదే ఓడ దిగిన కోడళ్ళు రైలెక్కి హైదరాబాద్ చేరారు. ఒక ఓడలో రెండు కాలాలు ప్రయాణం చేసినట్టు అనిపిస్తుంది. ఒకటి రాజుల కాలం, ఒకటి రాజుల్ని పంపించేసే కాలం.

మరి ఈ పెళ్ళిలో ఎవరికి ఏం వచ్చింది? ఖలీఫా కుటుంబానికి ఆర్థికంగా దన్ను దొరికింది. నిజాంకు ప్రపంచ ముస్లింలలో పెద్దపేరున్న వంశంతో వియ్యం దొరికింది. టైమ్ పత్రిక 1937 ఫిబ్రవరిలో అట్ట మీద బొమ్మ వేసి ప్రపంచంలో అతి ధనవంతుడని రాసింది ఈయన గురించే. అంత డబ్బుతోనూ కొనలేనిది పాత పేరు. అది కోడలితో ఇంటికి వచ్చింది. ఆలిస్ హైనె కథలో పుట్టింటి డబ్బు అత్తింటి బిరుదు వైపు వెళ్ళింది. ఇక్కడ పుట్టింటి పేరు అత్తింటి డబ్బు వైపు వచ్చింది. దిశ మారింది గానీ మోసుకెళ్ళింది మాత్రం రెండుచోట్లా అమ్మాయే.

లేని రాజ్యానికి యువరాణి

ఇప్పుడు బిరుదు సంగతి. బేరార్ నిజాందే. కానీ సైన్యం ఖర్చుల బాకీ కింద 1853లో దాన్ని ఈస్టిండియా కంపెనీ చేతుల్లో పెట్టాల్సి వచ్చింది. 1902లో కర్జన్ ఏడాదికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా రాయించుకున్నాడు. మరుసటేడు దాన్ని సెంట్రల్ ప్రావిన్సెస్‌తో కలిపేశారు. తిరిగి ఇప్పించమని నిజాం ఎంత అడిగినా ఇవ్వలేదు. చివరికి 1936 ఒప్పందంలో ఒక తీపిమాట దొరికింది. బేరార్ మీద నిజాం సార్వభౌమత్వాన్ని కాగితం మీద ఒప్పుకున్నారు, ఆయన పెద్దకొడుక్కు "ప్రిన్స్ ఆఫ్ బేరార్" అనే బిరుదు ఇచ్చారు, పాలన మాత్రం తమ దగ్గరే ఉంచుకున్నారు. అలా దుర్రు షెహ్వార్ బేరార్ యువరాణి అయింది.

గమనించండి. ఆమె తండ్రి అధికారం లేని ఖలీఫా. ఆమె భర్త భూమి లేని యువరాజు. పదేళ్ళకు పోయిన రాజ్యం ఒకటి, ఇరవై రెండేళ్ళకు పేరుకు వచ్చిన రాజ్యం ఇంకొకటి. రెండింటిలోనూ ఆమెకు పిడికెడు మట్టి లేదు. మా అమ్మమ్మ వాళ్ళ వణి ఆమె బిరుదులో ఉంది. వణి పత్తిచేలల్లో పనిచేసినవాళ్ళు శిస్తు కట్టింది ఇంగ్లిష్ ప్రభుత్వానికి. నది ఇవతల మా లక్కడ్‌కోట్ ఆమె బిరుదులో లేదు. కానీ నిజంగా నిజాం ఏలిన నేల ఇదే.

ఆమె తన చేతుల్లోకి తీసుకున్నవి

ఇంతవరకూ చెప్పినదంతా ఆమెకు జరిగింది. ఇకపై ఆమె చేసింది.

మొదటిది భాష. తుర్కీ, ఫ్రెంచి, ఇంగ్లిష్ వచ్చిన అమ్మాయి ఉర్దూ నేర్చుకుంది. చీర కట్టుకుంది. రెండు భాషల ఇంట్లో పెరిగిన నాకు ఇది చిన్న పని అనిపించదు. కోడలు ఇంటి భాష నేర్చుకోవాలని అందరూ అంటారు, ఇల్లు కోడలి భాష నేర్చుకోవాలని ఎవరూ అనరు. మా అమ్మ తెలుగు నేర్చింది, మా నాయిన మరాఠీకి ఇప్పటికీ నవ్వుతారు.

రెండోది ఘోషా. అప్పటి హైదరాబాద్‌లో పెద్దింటి స్త్రీలు పరదాల వెనక ఉండేవాళ్ళు. ఈ ఇద్దరు కోడళ్ళూ బయటికి వచ్చారు. సభలకు వెళ్ళారు, బహుమతులు పంచారు, ఫొటోలు దిగారు. 1937లో ఆరో జార్జి పట్టాభిషేకానికి దుర్రు షెహ్వార్ భర్తతో లండన్ వెళ్ళింది. సెసిల్ బీటన్ లాంటి పేరున్న ఫొటోగ్రాఫర్ ఆమె చిత్రాలు తీశాడు. రాజు కోడలే ముఖం దాచుకోనప్పుడు, మా అమ్మాయిని బడికి ఎలా పంపాలి అనే తండ్రి సాకు కొంచెమైనా పలచబడుతుంది కదా.

మూడోది పిల్లల చదువు. పెద్దకొడుకు ముకర్రం జా 1933 అక్టోబర్ 6న నీస్‌లో పుట్టాడు. అంటే తొలి కాన్పుకు ఆమె పుట్టింటికే వెళ్ళింది. ఎన్ని రాజ్యాలు మారినా ఈ ఆచారం ఒకటే. రెండోవాడు ముఫఖం జా 1939లో పుట్టాడు. ఆమె కొడుకుల్ని అంతఃపురంలో ఉంచకుండా బయటి చదువులకు పంపింది. ముకర్రం డూన్ స్కూల్లో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో హారోలో, కేంబ్రిడ్జిలో చదివాడు.

నాలుగోది, ఇప్పటికీ నిలిచి ఉన్నది, ఆసుపత్రి. పాతబస్తీలో పురానీ హవేలీ దగ్గర ఆమె పేరు మీద పిల్లల ఆసుపత్రి ఉంది. యాకుత్‌పురాలో ఆమె సొమ్ముతో ఆడపిల్లల జూనియర్ కాలేజీ వచ్చింది. బేరార్ అనే బిరుదును ఇప్పుడు అడిగేవాళ్ళు లేరు. ఆసుపత్రి ఓపీ చీటీ మీద మాత్రం ఆమె పేరు రోజూ అచ్చవుతుంది.

నిలోఫర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆమెకు పిల్లలు పుట్టలేదు. తన దగ్గర పనిచేసే రఫతున్నిసా కాన్పులో చనిపోయినప్పుడు, ఇంకే తల్లీ ఇలా పోకూడదని పట్టుబట్టి ఆసుపత్రికి పునాది వేయించిందని చెబుతారు. 1953లో మొదలైన నిలోఫర్ ఆసుపత్రి అదే. లక్డీకాపూల్ దగ్గర రెడ్‌హిల్స్‌లో ఉంది. మన జిల్లాల నుంచి బిడ్డను ఎత్తుకుని రాత్రి బస్సెక్కే తల్లులకు ఆ పేరు బాగా తెలుసు. ఆ పేరు ఇస్తాంబుల్‌లో పుట్టిన ఒక అమ్మాయిదని వాళ్ళలో చాలామందికి తెలియదు, తెలియకపోయినా వైద్యం ఆగదు. నిలోఫర్ 1952లో విడాకులు తీసుకుంది, 1963లో ఎడ్వర్డ్ పోప్ అనే అమెరికన్‌ను పెళ్ళి చేసుకుంది, 1989లో పారిస్‌లో కన్నుమూసింది. చిత్రమేమంటే పిఠాపురం సీతాదేవి చనిపోయింది కూడా అదే ఏడు, అదే ఊళ్ళో.

తండ్రికి ఆరడుగుల నేల

1944 ఆగస్టు 23న అబ్దుల్ మెజీద్ పారిస్‌లో చనిపోయాడు. యుద్ధం చివరి రోజులు. ఇస్తాంబుల్‌లో ఖననం చేయనివ్వమని కుటుంబం కోరింది. కూతురిగా దుర్రు షెహ్వార్ గట్టిగా ప్రయత్నించింది. తుర్కీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. దేహం పారిస్‌లోని పెద్ద మసీదులో పదేళ్ళు ఉండిపోయింది. 1954లో మదీనాలో ఖననం చేశారు. ప్రపంచంలోనే ధనవంతుడైన మామగారు ఉండి కూడా, తండ్రికి పుట్టిన ఊళ్ళో ఆరడుగుల నేల ఆమె సంపాదించలేకపోయింది. ఆమె జీవితంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఈ పదేళ్ళే. ఒట్టోమాన్ స్త్రీలు తుర్కీకి తిరిగి రావచ్చని 1952లో అనుమతి ఇచ్చారు, పురుషులకు 1974 దాకా ఇవ్వలేదు. స్త్రీలకు ముందు ఎందుకు ఇచ్చారో ఆలోచిస్తే అది దయ అనిపించదు. సింహాసనం అడిగే హక్కు వాళ్ళకు లేదు కాబట్టి వాళ్ళవల్ల భయం లేదు.

హైదరాబాద్‌లోనూ కాలం మారింది. 1948 సెప్టెంబర్‌లో సంస్థానం ఇండియాలో కలిసింది. 1950లో దేశం గణతంత్రమైన జనవరి 26 ఆమె 36వ పుట్టినరోజు. 1967లో నిజాం చనిపోయినప్పుడు వారసత్వం కొడుకు ఆజం జాకు కాకుండా మనవడు ముకర్రం జాకు వెళ్ళింది. ఆజం జా 1970లో పోయాడు. 1971లో రాజభరణాలూ బిరుదులూ రద్దయ్యాయి. చివరి కాలం ఆమె లండన్‌లో గడిపింది. 2006 ఫిబ్రవరి 7న, 92 ఏళ్ళ వయసులో అక్కడే మరణించింది. సమాధి లండన్‌కు దగ్గర్లో బ్రుక్‌వుడ్‌లో. ఇస్తాంబుల్‌లో కాదు, హైదరాబాద్‌లో కాదు, బేరార్‌లో అసలే కాదు.

వారసురాలు అంటే

మళ్ళీ మన అంశంలోని మాటకు వద్దాం. వారసుడు అనేది అరబ్బీ "వారిస్" నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. తెలుగు దానికి తన ప్రత్యయం తగిలించి వారసుడు, వారసురాలు అని రెండు చేసింది. మరాఠీలో "వారస్" ఒకటే, కొడుకైనా కూతురైనా అదే. వ్యాకరణంలో సమానం, ఇంట్లో సంగతి వేరే.

దుర్రు షెహ్వార్ వారసురాలా? ఒట్టోమాన్ సింహాసనం స్త్రీలకు రాదు. ఆసఫ్‌జాహీ గద్దె కూడా రాదు. ముస్లిం చట్టంలో కూతురికి ఆస్తిలో వాటా మొదటినుంచీ ఉంది, సింహాసనంలో లేదు. ఆమె వంశగౌరవం కొడుక్కు వెళ్ళింది, మామగారి గద్దె కూడా కొడుక్కే వెళ్ళింది. కాలువలో నీళ్ళు పోయినట్టు వారసత్వం ఆమె మీదుగా పోయింది, ఆమె దగ్గర ఆగలేదు. పుస్తకాల్లో ఆమెను ఖలీఫా కూతురు, నిజాం కోడలు, ముకర్రం జా తల్లి అని పరిచయం చేయడం అందుకే. నా వాదన ఒక్కటే: ఆమెను ఆసుపత్రి కట్టించిన మనిషిగా, నాలుగు భాషల మనిషిగా మొదలుపెట్టి చదవాలి. ఆ రెండూ ఆమెకు ఎవరూ బిరుదుగా ఇచ్చినవి కావు.

ఇది రాణుల సంగతే అనుకోకండి. ఈ గోడపత్రిక చదివే మనలో చాలామందిమి చట్టం ప్రకారం వారసురాళ్ళమే. ఉమ్మడి ఆస్తిలో పెళ్ళికాని కూతుళ్ళకు కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. మహారాష్ట్ర 1994లో చేసింది. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి దేశమంతటా ఆ హక్కు ఇచ్చారు, పెళ్ళయిందా లేదా అనే తేడా తీసేశారు. కాగితం మీద మనం ఇప్పుడు పూర్తి హక్కుదారులం.

కానీ మా వైపు "హక్కసోడ్ పత్ర" అని ఒక కాగితం ఉంది. హక్కు వదులుకుంటున్నానని అక్కచెల్లెళ్ళు అన్నదమ్ములకు రాసిచ్చే పత్రం. తెలుగులో హక్కు విడుదల పత్రం అంటాం. మా మేనత్త మూడెకరాల మీద అలా సంతకం పెట్టింది. ఆ రోజు ఆమెకు చీర, జాకెట్టు గుడ్డ పెట్టి, పురన్‌పోళీలు వండి భోజనం పెట్టారు. ఎవరూ బలవంతం చేయలేదు. పెట్టకపోతే పుట్టింటి గడప తొక్కడం కష్టమని ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. "పొలం తీసుకుంటే అన్న పోతాడు, అన్న ఉంటే రాఖీకి రావొచ్చు" అని ఆమె లెక్క. దాన్ని తెలివితక్కువ అనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఆ లెక్క మా నాయిన ఎప్పుడూ వేసుకోవాల్సిన అవసరం రాలేదు. పొలమూ చెల్లెలూ రెండూ ఆయనకు ఉన్నాయి.

పెద్ద పెళ్ళిళ్ళ చరిత్ర చదివితే నాకు అర్థమైంది ఇది. డబ్బు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళింది, పేరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళింది అని ముందు గీత గీసుకోవాలి. తర్వాత, అన్నీ వెళ్ళాక అమ్మాయి చేతిలో ఏం మిగిలింది అని అడగాలి. ఆలిస్ హైనెకైనా, దుర్రు షెహ్వార్‌కైనా, మా మేనత్తకైనా ఇదే ప్రశ్న. ఎవరూ వెనక్కి తీసుకోలేనివి తక్కువే ఉంటాయి. చదువు వాటిలో మొదటిది. సంతకం పెట్టేముందు కాగితం చదవగలగడం దాని తొలి ఫలం.

ఈ వ్యాసం కింద కొంత కాగితం ఖాళీగా వదిలాను. మీ ఇంట్లో అమ్మమ్మ, నాయనమ్మ, మేనత్త ఎవరినైనా రెండు ప్రశ్నలు అడగండి. పెళ్ళినాడు మీ పేరు మీద ఏం వచ్చింది? ఇప్పుడు మీ పేరు మీద ఏం ఉంది? పేర్లు వద్దు, ఊరు వద్దు, జవాబు మాత్రం పెన్సిల్‌తో ఇక్కడ రాయండి. పసుపుకుంకుమ కింద ఇచ్చిన కుంట భూమి అయినా సరే, కుట్టుమిషన్ అయినా సరే, ఏమీ లేదు అయినా సరే. నెలాఖరుకి మన క్లాసు దగ్గర ఒక చిన్న చరిత్ర ఉంటుంది.